పసుపు

చెప్పులు బయట విడవమన్నారు, ఎందుకో తెలీదు.
గుడి కాదు, నగర ప్రణాళిక ఆఫీసు, మూడో అంతస్తు.
లోపల గోడ మీద మా ఊరి పటం.
ఊరంటే ఊరూ కాదు,
బెంగళూరు అయిపోయి ఆనేకల్ ఇంకా మొదలవని చోటు,
బస్సు వెనక్కి తిరిగే మైదానం,
దాని వెనక గడ్డి.

పాత పటంలో అదంతా ఆకుపచ్చ.
కొత్త పటంలో పసుపు.
పసుపంటే నివాస ప్రాంతమని
మూల చిన్న గడిలో రాసుంది.

నాకు తెలిసిన పసుపు వేరు.
గడపకి రాసేది, తెగిన వేలికి అద్దేది,
కొత్త చొక్కా కాలరు లోపల అమ్మ చుక్క పెట్టేది.
నాలుగు వందల ఎకరాలకి
ఎవరు పూశారో ఒక్క రాత్రిలో,
ఎవరింట శుభకార్యానికో.

పదిహేడు మందిమి వెళ్ళాం, టెంపో మాట్లాడుకుని.
సెక్రెటరీ వైజయంతి గారి ఒళ్ళో లావుపాటి ఫైలు:
బోర్ల లోతు, వానాకాలం వరద గీత,
గడ్డిలో గుడ్లు పెట్టే పిట్టల జాబితా.
నా అభ్యంతరం నంబరు రెండు వందల పన్నెండు.
మనిషికి మూడు నిమిషాలు.

బాగానే మాట్లాడాను.
కాపాడతామని రాసిచ్చిన నేలని
మీరే ఎలా అమ్మకానికి పెడతారన్నాను.
చప్పట్లు కూడా కొట్టారు.

బిల్డరు తరఫు వకీలు మర్యాదస్తుడు.
మంచినీళ్ళు తాగి, గ్లాసు మీద మూత పెట్టి అడిగాడు:
"సార్ ఉండేది ఏ సర్వే నంబరులో?"
చెప్పాను.
"అది ఏ సంవత్సరం పసుపైంది సార్?"

ఫ్యాను తిరుగుతోంది.
పదకొండేళ్ళ కిందటి రంగుల కాగితం గుర్తొచ్చింది.
తూర్పు బాల్కనీ, ఎదురుగా శాశ్వతంగా పచ్చిక,
అందుకు రెండు లక్షలు అదనం.
కట్టాను.
నాది కాని గడ్డికి, వాడిది కాని గడ్డికి,
వాడికి డబ్బు కట్టాను.
రసీదు ఇప్పటికీ బీరువాలో ఉంది.

మూడు నిమిషాలూ అయిపోయాయి.

అప్పుడు లేచింది మునిలక్ష్మక్క.
మా టెంపోలో చోటుంటే ఎక్కిన మనిషి.
ఫారం లేదు, నంబరు లేదు,
ముప్ఫై గొర్రెలు, వాటిని మేపే ఒక మనవడు.
తిన్నగా పటం దగ్గరికి పోయింది.
వెదికి వెదికి బొటనవేలు ఆనించింది.
గడ్డంతా ఆ వేలి కిందే పట్టింది.
"ఇదేనా సామీ మాది?"
ఇదే, అన్నాడు అధికారి.
వేలు తడి చేసుకుని రుద్దింది, ఒకసారి, ఇంకోసారి.
"నీళ్ళకి పోతాదా ఇది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
టైపు చేసే పిల్ల మాత్రం నవ్వలేదు,
తెలుగు రాదు పాపం,
నా వైపు తిరిగి కన్నడంలో అడిగింది:
ఆమె ఏమన్నారు, ఏమని రాయాలి?
అడిగిందే రాయమ్మా అన్నాను.
రెండు వందల పదమూడు:
నీళ్ళకి పోతుందా.

తీర్పు తర్వాత చెబుతారట. తేదీ తెలియజేస్తారట.

సాయంత్రం గడ్డిలోకి నడిచాను,
చాలా రోజులకి, బాల్కనీ దిగి.
కొత్తగా పాతిన రాళ్ళు, నెత్తిన సున్నం.
ఒక రాయి మొదట్లో నాలుగు గుడ్లు,
గులకరాళ్ళ రంగువి, తొక్కబోయి ఆగాను.
తీతువు లేచింది.
కొలతల కుర్రాడు టేపు చుట్టుకుంటున్నాడు అటు,
నేను ఇటు.
మా ఇద్దరి నెత్తిన ఒకే గొంతుతో అరిచింది,
ఒకేలా, ఆపకుండా.
అపశకునం అంటారు దాని కూతని.
దాని లెక్కలో మేమేమిటో.

వెనక్కి చూస్తే మా బ్లాకులో
ఒక్కో అంతస్తే లైట్లు వేస్తున్నారు.
పసుపు రంగువే.